క్లచ్ పెడల్ లేని లారీలో సున్నిపెంట దాకా

కార్తీక మాసంలో శని, ఆదివారాలు శ్రీశైలం దారి పట్టవద్దని తెలిసినవాళ్లెవరైనా చెబుతారు. నేనూ నలుగురికి అదే చెప్పేవాణ్ణి. అయినా మొన్న కార్తీకంలో, సరిగ్గా శనివారం నాడే, కందిపప్పు బస్తాల లారీలో డ్రైవర్ పక్కన కూర్చుని శ్రీశైలం పక్కనున్న సున్నిపెంట దాకా వెళ్లి వచ్చాను. మొక్కు తీర్చుకోవడానికి కాదు. ఆ లారీ నడిపినవాడు నా బామ్మర్ది బుచ్చయ్య. వాడి బతుకుతెరువు ఆ ఒక్క ట్రిప్పు మీద ఆధారపడి ఉంది. ఆ బండి ఎలా నడపాలో వాడికి నేర్పింది నేను. నాకు సైకిల్ తప్ప మరేదీ నడపడం రాదు.

బుచ్చయ్య వాళ్లది ఇబ్రహీంపట్నం పెద్ద చెరువులో వలలు వేసే కుటుంబం. వీడొక్కడు వల వదిలి స్టీరింగ్ పట్టాడు. ముప్పై ఏళ్లుగా లారీయే వాడికి ఇల్లు. ఇప్పుడు ఎడమ మోకాలు అరిగిపోయింది. నగరం ట్రాఫిక్‌లో ఒక పూటకు ఎన్నిసార్లు క్లచ్ తొక్కాలో లారీ నడిపేవాళ్లకే తెలుసు. దవాఖానలో డాక్టరు, క్లచ్ తొక్కడం మానకపోతే కర్ర పట్టుకోవాల్సి వస్తుందని చెప్పాడు. అదే సమయంలో హయత్‌నగర్‌లో నాలుగు లారీలున్న జంగయ్య సేటు ఒక కొత్త బండి కొన్నాడు. దానికి క్లచ్ పెడల్ లేదు, గేర్లు అవే పడతాయి. మొదట దాన్ని నడిపిన డ్రైవర్ ఒక ఎత్తు మీద గేర్‌బాక్సు దగ్గర ఏదో కాల్చేశాడు. సేటు బండిని బాగు చేయించి బుచ్చయ్యను పిలిచాడు.

"ఒక్క శ్రీశైలం ఘాటు ట్రిప్పు సక్కగ కొట్టుకొస్తే బండి నీకిస్త. మళ్ల గదే కథ అయితే నన్ను అడగొద్దు" అన్నాడట.

ఏం కాలిందని బుచ్చయ్య అడగలేదు, సేటు చెప్పలేదు. బండితో వచ్చిన పుస్తకం మొదటి డ్రైవర్ చేతిలో ఎక్కడో పోయింది. వాడు నేరుగా మా ఇంటికి వచ్చాడు.

"బావ, నువ్వు సదువుకున్నోనివి. గీ ఆటోమేటిక్ బండి కడుపుల ఏముంటదో జర సదివి జెప్పు" అన్నాడు.

నేను సబ్ పోస్ట్‌మాస్టర్‌గా పని చేసి రిటైరయ్యాను. ఏదైనా ముందు చదివి, డైరీలో రాసుకుని, ఆ తర్వాతే చేయడం నా అలవాటు. లైబ్రరీలో మోటారు కార్ల పుస్తకం ఒకటి దొరికింది. ఫోన్‌లో వీడియోలు చూశాను. మామూలు బండిలో ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య క్లచ్ ప్లేటు ఉంటుంది. ఆటోమేటిక్‌లో ఆ చోట నూనె నిండిన డబ్బా ఉంటుందని చదివాను. అందులో రెండు రెక్కల చక్రాలు ఎదురెదురుగా ఉంటాయి. ఇంజను ఒక చక్రాన్ని తిప్పితే అది నూనెను విసురుతుంది, ఆ విసురుకు రెండోది తిరుగుతుంది. మధ్యలో ఉన్న ఇంకో చిన్న చక్రం ఆ నూనెను మళ్లించి బలం పెంచుతుంది. మొదట ఇలాంటి ఏర్పాటు పెద్ద ఓడల కోసం పుట్టిందట, కార్లలోకి తర్వాత వచ్చిందట. దాని వెనుక పళ్లచక్రాలు సూర్యుడి చుట్టూ గ్రహాల్లా తిరుగుతాయి. ఏ చక్రాన్ని ఎప్పుడు బిగించాలో తొలిరోజుల్లో నూనె వత్తిడే నిర్ణయించేది. ఇప్పుడు చిన్న కంప్యూటర్ నిర్ణయిస్తోంది.

బుచ్చయ్యకు అర్థం కావాలని రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టాను. ఒకదానికే కరెంటు ఇచ్చాను. దాని గాలికి రెండోది మెల్లగా తిరగసాగింది.

"చూశావా, రెండింటికీ ఎక్కడా తాకిడి లేదు. తాకిడి లేకపోతే అరుగుడు లేదు. ఎత్తు మీద ఆగాల్సి వస్తే ఎక్సలేటర్ మీద కాలు కొంచెం ఆనించు. బండి వెనక్కి జారదు, ముందుకు పోదు" అన్నాను.

"అబ్బ, మంచిగున్నది గద!" అన్నాడు బుచ్చయ్య.

నా భార్య యాదమ్మ ఆ రెండు ఫ్యాన్లనూ, మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసింది. ప్రయాణం రోజు దగ్గరపడగానే తేల్చేసింది. "నేర్పినోనివి నువ్వే, నువ్వే పక్కన కూసోని పో. తమ్ముడొక్కడు పోతే నాకు దిల్లు నిలువది" అంది. నా దిల్లు సంగతి ఆమె అడగలేదు.

శనివారం ఇంకా తెల్లవారకముందే ఇద్దరం ఇబ్రహీంపట్నం బస్టాండ్ దగ్గర షేర్ ఆటో ఎక్కాం. బండి తుక్కుగూడ గోదాములో లోడై సిద్ధంగా ఉంది. చేతిసంచిలో జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం, నా బీపీ మాత్రలు, కండువా ఉన్నాయి. ఆటోలో మా ఎదురుగా కొంగరకలాన్ ఫ్యాక్టరీకి పోయే ఒక యువతి కూర్చుంది, మెడలో గుర్తింపు కార్డు. కొంగరకలాన్ దగ్గర ఒకప్పటి చేలన్నీ హద్దురాళ్ల ప్లాట్లయ్యాయి. చీకట్లో కలెక్టరేటు దీపాలు దూరం నుంచే కనిపిస్తున్నాయి. మా మాటలు విని ఆ అమ్మాయి నవ్వింది.

"గేర్లు అవే పడుడు పాతదైంది తాతా. మా కంపెనీ కరెంటు బస్సుకు గేర్లే లెవ్వు. మోటర్ తిరుగుతది, పోతది. గంతే" అంది.

"ఇగ డ్రైవర్ లేని బండి గూడ దెస్తరేమో" అన్నాడు బుచ్చయ్య. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ తర్వాత తుక్కుగూడ దాకా ఆటో డ్రైవర్ చేతులనే చూస్తూ కూర్చున్నాడు.

లారీ ఎత్తుగా, తెల్లగా ఉంది. బుచ్చయ్య చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, అగరొత్తులు తిప్పి, క్యాబిన్ ఎక్కాడు. నన్ను చెయ్యి పట్టి పైకి లాగాడు. లోపల పొడుగాటి గేర్ రాడ్ లేదు. స్టీరింగ్ పక్కన చిన్న పిడి ఉంది. దానితోనే ముందుకు, వెనక్కి, న్యూట్రల్. కింద రెండే పెడళ్లు. బుచ్చయ్య తువాల తీసి ఎడమకాలి పిక్కను సీటు కింది ఇనుపకమ్మికి కట్టేసుకున్నాడు.

"అదేంటిరా?"

"గాబర గాకు బావ. క్లచ్ అనుకోని గీ కాలు పోయి బ్రేకు మీద పడుతది. మొన్న షెడ్డుల తొక్కితే పక్కన కూసున్నోడు ముందటద్దానికి గుద్దుకున్నడు. జర అలవాటయ్యేదాక గిట్ల కట్టేస్త."

"ఏదైనా జరిగితే దూకేదెట్లా?"

"దూకేటట్టు నడుపుతనా నేను?" అన్నాడు.

ఆరు దాటాక బయలుదేరాం. శ్రీశైలం రోడ్డు మీద మంచు పలచగా ఉంది. బండి కదిలిన కాసేపటికే నాకు ఒక అనుమానం పట్టుకుంది. గేరు మారిన ప్రతిసారీ బండి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగి, మళ్లీ లాగుతోంది. ఆ క్షణంలో కింద ఎక్కడో తుస్సుమని గాలి శబ్దం వస్తోంది. నేను చూసిన వీడియోల్లో కార్లు నెయ్యి జారినట్టు సాగిపోయాయి. ఈ కుదుపు గురించి, ఈ గాలి గురించి ఎవరూ చెప్పలేదు. లారీ కాబట్టి ఇలా ఉంటుందేమోనని సరిపెట్టుకున్నాను. ఇలా సరిపెట్టుకోవడం నా స్వభావం కాదు. ఆ రోజు మాత్రం అలా చేశాను.

కడ్తాల్‌లో టీ తాగాం. డిండి దగ్గర రోడ్డు పక్క హోటల్లో ఇడ్లీ, పల్లీ చట్నీ. ఈ దారిన వెళ్లేవారికి చెబుతున్నాను, డిండి దాటాక మంచి టిఫిను దొరకడం కష్టం. అక్కడే కడుపు నింపుకోండి. నేను మాత్రం రెండో ఇడ్లీ ప్లేటులోనే వదిలేశాను. మా పక్క బల్ల మీద మిర్చి లోడుతో వచ్చిన ఒక ముసలి డ్రైవర్ కూర్చున్నాడు. మా లారీని కిటికీలోంచి చూశాడు.

"గది తనంతట తనే గేర్లేసుకుంటదా?" అని అడిగాడు.

"అవ్" అన్నాడు బుచ్చయ్య.

"ఘాటు దిగేటప్పుడు గూడ?"

"అవ్."

"నేనైతే నమ్మను. నా పెండ్లాం వంట జేస్తేనే ఉప్పు జూసి తింట" అన్నాడు ముసలాయన. హోటల్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను.

మన్ననూరు ఎత్తును బండి సునాయాసంగా ఎక్కింది. ముందు ఎవరూ లేరు, ఆగాల్సిన పని పడలేదు. రాత్రి మూసి ఉంచే అటవీశాఖ గేటు పొద్దున్నే తీస్తారు కాబట్టి అక్కడా ఆలస్యం కాలేదు. ఆ తర్వాత అడవి. టేకు ఆకులు ఎండి రోడ్డు మీద దొర్లుతున్నాయి. హారన్ కొట్టవద్దన్న బోర్డులు, బోర్డుల మీద కోతులు. ఎంత చక్కటి దారి! నేను మాత్రం కళ్లన్నీ డ్యాష్‌బోర్డు మీద పెట్టుకుని కూర్చున్నాను. ఏ గేరులో ఉందో అక్కడ అంకె కనిపిస్తుంది. అంకె మారినప్పుడల్లా నా చెయ్యి సీటు అంచును పట్టుకునేది.

"బావ, బయటికి జూడు. నెమలి" అన్నాడు బుచ్చయ్య.

నేను చూసేసరికి అది లోపలికి వెళ్లిపోయింది.

దోమలపెంట దాటాక కృష్ణ దాకా దిగుడే. నాకు అసలు భయం ఇక్కడే. పాత లారీ డ్రైవర్లకు ఒక అలవాటు ఉంది. దిగుడులో బండిని న్యూట్రల్‌లో వదిలేస్తారు, డీజిల్ మిగులుతుందని. బుచ్చయ్య వేళ్లు ఆ పిడి మీద ఆడుతున్నాయి.

"వద్దురా. గేరులోనే ఉంచు. దిగేటప్పుడు కాలు తీస్తే ఈ కాలపు ఇంజన్ డీజిలే తాగదు. న్యూట్రల్‌లో పెడితేనే తాగుతుంది" అన్నాను. ఇది ఎక్కడో చదివాను. సరిగ్గానే చదివానా అని నాలో నాకే అనుమానం.

"నిజంగనేనా?"

"నిజమే."

వాడు పిడిని మనమే గేరు ఎంచుకునే చేతి పద్ధతిలోకి తిప్పి, చిన్న గేరు పెట్టి, ఇంజను చేతనే వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు మీట నొక్కాడు. ఇంజను గట్టిగా మూలిగింది. బరువంతా వెనక నుంచి ఎవరో పట్టుకున్నట్టు బండి నెమ్మదించింది. ఒక్కో మలుపూ అలాగే దిగాం. వంతెన మీదికి వచ్చేసరికి నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఆనకట్ట కింద కృష్ణ సన్నగా, ఆకుపచ్చగా ఉంది. బుచ్చయ్య నీళ్లకు దండం పెట్టాడు.

"అయిపోయింది బావ. ఇగ ఎక్కుడే" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. ఎత్తు గురించి నేను నేర్పిన పాఠం నాకు కంఠస్థం. అక్కడ భయపడటానికి ఏముంది?

వంతెన దాటి రెండో మలుపు తిరగగానే వరసగా వాహనాలు ఆగి ఉన్నాయి. కార్లు, జీపులు, భక్తుల బస్సులు. మా ముందు ఒక టూరిస్టు బస్సు. అది నాలుగడుగులు కదిలి ఆగుతుంది, మళ్లీ నాలుగడుగులు. బుచ్చయ్య నేను చెప్పినట్టే చేశాడు. ఎక్సలేటర్ మీద కాలు ఆనించి బండిని ఎత్తు మీద నిలబెట్టాడు. బండి నిజంగానే అటూ ఇటూ పోకుండా నిలబడింది. వాడు నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. నాకు గర్వంగానే అనిపించింది. అలా నాలుగైదుసార్లు జరిగింది.

"బావ, ఏదో వాసనొస్తున్నది."

"ముందు బస్సు బ్రేకులదేమో."

బుచ్చయ్య ముక్కు ఎగబీల్చాడు. "బస్సుది గాదు. ముప్పై ఏండ్లు పీల్చిన వాసన గిది. క్లచ్ ప్లేటు."

"ఈ బండికి క్లచ్ లేదు గదరా."

"మరి గా లైటేంది?"

డ్యాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలిగింది. ఆ వెంటనే పీప్ పీప్ మని మోత. ఎందుకో ఆ మోతలోనే పొద్దుటి కుదుపు, ఆ తుస్సుమనే గాలి గుర్తుకొచ్చాయి. వాసన వచ్చిందంటే ప్లేటు ఉంది. ప్లేటు ఉందంటే నూనె డబ్బా లేదు. నేను రోజుల తరబడి చదివింది, ఫ్యాన్లు పెట్టి చూపించింది, అంతా వేరే బండి సంగతి.

"కాలు తియ్యి! హ్యాండ్ బ్రేకు గుంజి న్యూట్రల్‌లో పెట్టు!" అని అరిచాను.

బండి ఆగింది. నేను దిగి రోడ్డు పక్క రాళ్లు ఏరి వెనక చక్రాల కింద పెట్టాను. వెనక జీపులోంచి ఒకాయన తల బయట పెట్టాడు.

"ఏంది తాతా, ఈడ్నే దుకాణం వెట్టినవా? శివయ్యను జూడనియ్యవా మమ్ముల?"

"బండి వేడైంది నాయనా. పక్క నుంచి పొండి."

"మేము గూడ వేడైనం!" అన్నాడాయన. పక్క నుంచి తప్పించుకుని వెళ్లిపోయారు. ఒక్కో బండీ పోతూ ఒక్కో మాట అనేసి పోయింది.

నేను క్యాబిన్‌లోకి ఎక్కి కూర్చున్నాను. బుచ్చయ్య చేతులు స్టీరింగ్ మీద పెట్టి ముందుకు చూస్తున్నాడు.

"మొదటోడు గిట్లనే కాల్చిండన్నమాట" అన్నాడు.

నాకు అర్థమైనంత వరకు చెప్పాను. ఈ లారీలో ఉన్నది పాత గేర్‌బాక్సే, పాత క్లచ్చే. తీసేసింది పెడల్‌ను, రాడ్‌ను మాత్రమే. నీ ఎడమకాలు చేసే పని, ఎడమచెయ్యి చేసే పని గాలి వత్తిడితో కదిలే పిస్టన్లు చేస్తున్నాయి. ఎప్పుడు చేయాలో కంప్యూటర్ చెబుతోంది. పొద్దుటి నుంచి వినిపించిన ఆ తుస్సు అదే.

బుచ్చయ్య వంగి పెడళ్ల వైపు చూశాడు. "అంటే లోపల నాలాంటోడే ఒకడు కూసోని తొక్కుతున్నడు."

"అవును."

"గది ముందుగాల జెప్పొద్దా బావ? హాఫ్ క్లచ్ మీద, ప్లేటు రాసుకుంట, ఎత్తుల బండి ఆపుతే మా గురువు ఈపు పలగగొట్టేటోడు. నాకు తెల్వని ముచ్చటనా గిది? నీ ఫ్యాన్లు జూసి ఆపిన!"

అప్పుడే ఫోన్ మోగింది. జంగయ్య సేటు. ఈ కొత్త బండ్లు ఎక్కడ ఏం జరిగినా ఓనర్ ఫోన్‌కు కబురు పంపిస్తాయని అప్పుడే తెలిసింది. బుచ్చయ్య స్పీకర్ పెట్టాడు.

"బుచ్చన్నా, నా ఫోన్ల ఎర్రగొచ్చింది. కాలవెట్టినవా?"

"కాలవెట్టలే సేటు. వేడైంది. ఆపి సల్లారవెడుతున్నం."

"మొదటోడు గూడ గట్లనే అన్నడు."

నేను ఫోన్ దగ్గరికి వంగాను. "సేటూ, అతనికి తప్పు చెప్పింది నేను. ఎత్తు మీద అలా ఆపమని చెప్పాను."

"మీరెవరు సారు?"

"బుచ్చయ్య బావను."

"బావలు నడుపుతే బండ్లు గట్లనే ఉంటయ్" అన్నాడు సేటు. "మాల్ దించి రేపు బండి షెడ్డుకు దే. మెకానిక్ జూస్తడు. ప్లేటు పోయిందంటె మాత్రం, బుచ్చన్నా, ఇగ నువ్వెవరో నేనెవరో."

కొంతసేపటికి ఎర్రదీపం ఆరిపోయింది. ఇక మిగిలింది ఎత్తు ఎక్కడం. ఆగి, కదిలి, ఆగి, కదిలి పోతే ప్లేటు మళ్లీ వేడెక్కుతుంది. ముందు దారి ఖాళీ అయ్యేదాకా బ్రేకు మీద నిలబడి, ఒక్క ఊపులో పోవాలి. కానీ మలుపు అవతల ఏముందో లారీలోంచి కనిపించదు.

"నేను పైకి నడిచి చూస్తా. ఖాళీ అయ్యాక కండువా ఊపుతా. అప్పుడు రా" అన్నాను.

"మోకాళ్లు నొయ్యవా నీకు?"

"మన ఇంట్లో ఆ రోగం నీకొక్కడికే" అన్నాను. వాడు ఆ పూట మొదటిసారి నవ్వాడు.

చేతిసంచి భుజానికి తగిలించుకుని మలుపు దాకా నడిచాను. ఆయాసం వచ్చింది. ఒక కోతి సంచిలోని రొట్టెల వాసన పట్టి నా పక్కనే నడవసాగింది. ఇంకో టూరిస్టు బస్సు మెల్లగా పైకి పాకుతోంది. దాని వెనక ఖాళీ పెరిగేదాకా నిలబడ్డాను. వెనక్కి చూస్తే లారీ ఎత్తు మీద, బస్తాల బరువుతో, నేను పెట్టిన నాలుగు రాళ్ల మీద ఆగి ఉంది. ఆ రాళ్లు చాలా చిన్నవిగా కనిపించాయి. కిందికి జారితే దాని వెనక ఉన్న జీపులు, వాటిలో పిల్లలు. బుచ్చయ్య కాలు తువాలతో కట్టి ఉంది. నేను ఊపితేనే వాడు బ్రేకు వదులుతాడు. నా మాట విని ఇంతకు ముందు ఏమైందో చూశాం. కండువా పట్టుకున్న చెయ్యి పైకి లేవడానికి కొంత సమయం పట్టింది.

ఊపాను.

వెనక జీపులోంచి దిగిన ఎవరో రాళ్లు తీశారు. బండి అటూ ఇటూ జారలేదు. ఇంజను ఒకసారి గర్జించి, తుస్సుమని, ముందుకు లాగింది. నా ముందు నుంచి మలుపు తిరిగింది. బుచ్చయ్య కిటికీలోంచి అరిచాడు: "ఆగను బావ! ఆగితే మళ్ల గదే! పైకి నడుసుకుంట రా!"

సంచిలోని రొట్టెలు కోతికి ఇచ్చేసి మిగతా ఎత్తంతా నడిచాను.

సున్నిపెంటలో అన్నసత్రం గోదాము ముందు బస్తాలు దించారు. మాకు సత్రంలోనే చాపలు ఇచ్చారు, భోజనం కూడా అక్కడే. పప్పు, గోంగూర, చారు. ఈ దారిన వచ్చేవారికి అక్కడి భోజనం మంచిదని చెప్పగలను గానీ నేను రుచి చూసింది తక్కువ. శ్రీశైలం గుడికి పోవాలంటే క్యూ బారెడుంది. బుచ్చయ్య గోపురం ఉన్న దిక్కుకు తిరిగి దండం పెట్టుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే తిరుగు ప్రయాణం. ఖాళీ బండి. కృష్ణ వైపు దిగి, మళ్లీ దోమలపెంటకు ఎక్కేటప్పుడు మరో చోట వరస ఆగింది. బుచ్చయ్య ముందు బండికి దూరంగా, బ్రేకు మీద ఆగాడు. ఖాళీ చూసి రెండు కార్లు మా ముందు దూరాయి. వెనకవాళ్లు హారన్లు కొట్టారు. వాడు కదల్లేదు. దారి పూర్తిగా తెరుచుకున్నాకే ఒక్క ఊపులో ఎక్కాడు. నేను నోరు తెరవలేదు. తెరవాల్సిన పనీ రాలేదు.

అడవిలో ఫోన్‌కు సిగ్నల్ దొరికిన చోట నేను మళ్లీ చదివాను, ఈసారి లారీల గురించి. ఒకే పేరుతో ఎన్ని వేర్వేరు యంత్రాలు తిరుగుతున్నాయో! కొన్ని కార్లలో నూనె డబ్బా. కొన్నింటిలో పళ్లచక్రాలే లేవు, రెండు కప్పీల మధ్య బెల్టు, ఆ కప్పీలు వెడల్పవుతూ సన్నబడుతూ వేగం మారుస్తాయి. కొన్నింటిలో రెండు క్లచ్‌లు, ఒకటి పని చేస్తుంటే రెండోది తర్వాతి గేరును పట్టుకుని సిద్ధంగా ఉంటుంది. సరుకు లారీల వాళ్లు నూనెలో బలం వృథా అవుతుందని, డీజిల్ ఎక్కువ ఖర్చవుతుందని చాలాకాలం అటువైపు పోలేదు. లారీలో బ్రేకుల కోసం గాలి ఎలాగూ ఉంటుంది. ఆ గాలితోనే పాత క్లచ్‌ను తొక్కించారు. చౌక కార్లలో కూడా ఇదే పద్ధతి, గాలి బదులు చిన్న మోటారు. ఇంకో సంగతి, నూనె బండిని కూడా ఎత్తు మీద అలా నిలబెట్టకూడదట, నూనె వేడెక్కుతుంది. అంటే నా పాఠం ఏ బండికీ సరైనది కాదు. ఇది చదివి బుచ్చయ్యకు వినిపించాను.

"ఇగ సదువుడు ఆపు బావ" అన్నాడు.

తుక్కుగూడ దగ్గర రింగురోడ్డు ఎక్కి మధ్యాహ్నానికి హయత్‌నగర్ షెడ్డుకు చేరాం. జంగయ్య సేటు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నాకూ ఒక కుర్చీ వేయించాడు గానీ నేను కూర్చోలేకపోయాను. మెకానిక్ ఒక వైరును లారీకి తగిలించి, చేతిలోని పలకలాంటి యంత్రం వైపు చూస్తూ ఉండిపోయాడు. ఎంతసేపు చూశాడో! బుచ్చయ్య లారీకి ఆనుకుని మోకాలు రుద్దుకుంటున్నాడు.

"ప్లేటు జర అరిగింది సేటు. కాలలే. నడుస్తది" అన్నాడు మెకానిక్.

సేటు లేచి బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"ఘాట్లకు ఇప్పుడే పంపను. హయత్‌నగర్ నుంచి కొంగరకలాన్ ఫ్యాక్టరీకి మాల్ కొట్టు. సిటీల తిరుగు. ట్రిప్పుకు ఇచ్చే బాటా తక్కువొస్తది, ముందే చెప్తున్న" అన్నాడు.

నేను బుచ్చయ్య ముఖం చూడలేక నేల చూశాను. ముప్పై ఏళ్లు ఊళ్లూ రాష్ట్రాలూ తిరిగినవాడికి ఇది చిన్న తిరుగుడు.

"సిటీల తిరుగుడుతోనే గద సేటు నా మోకాలు పోయింది. గా ట్రాఫిక్ల క్లచ్ లేకుంట తిరుగుమంటె కాదంటనా?" అన్నాడు బుచ్చయ్య. తాళం చెవి కోసం చెయ్యి చాపాడు. సేటు ఇచ్చాడు.

వాడు బండి కడగడానికి అక్కడే ఉండిపోయాడు. నేను ఒక్కణ్ణే ఇబ్రహీంపట్నం బస్సు ఎక్కి డ్రైవర్‌కు దగ్గరగా ముందు సీట్లో కూర్చున్నాను. దారిలో నాకు తోచింది ఇది. యంత్రం సులువైందని మనం అనుకున్నప్పుడు, ఆ కష్టం మాయమైపోదు, ఎక్కడో కనబడని చోటికి పోతుంది. అలాంటి బండి ఎక్కేవారు ముందు దాని లోపల ఉన్నది నూనెనా, బెల్టా, ప్లేటా అని అడిగి తెలుసుకుని ఎక్కండి. నాలాగా వేరే బండి గురించి చదివి పాఠం చెప్పకండి.

బస్సు పాతది. ఆదివారం సాయంత్రం, రోడ్డంతా బండ్లు. డ్రైవర్ ఎడమ మోకాలు పైకి లేస్తోంది, కిందికి దిగుతోంది. ప్రతి స్టాపుకూ, ప్రతి ఆటోకూ, అడ్డం వచ్చిన ప్రతి బైకుకూ. ఇన్నేళ్లు ఈ బస్సుల్లో తిరిగి నేనెప్పుడూ అటు చూడలేదు. ఇప్పుడు చూపు తిప్పుకోలేకపోయాను.

డ్రైవర్ అద్దంలో నన్ను గమనించాడు. "ఏంది పెద్దాయన, గంతగనం జూస్తున్నవ్?"

"మోకాలు నొస్తుందా నాయనా?"

ముందు లారీ ఆగింది. ఆయన క్లచ్ తొక్కాడు.

"నీకెట్ల తెలిసింది?" అన్నాడు.